తెల్లాపూర్‌లో మూడు పడక గదుల ఫ్లాటు: రెండేళ్ల కాపురం తరువాత

హైదరాబాదు శివారులోని తెల్లాపూర్ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డుకు నగరం వైపున, ఒక గేటెడ్ కమ్యూనిటీలో 14వ అంతస్తున ఉన్న 1,685 చదరపు అడుగుల ఫ్లాటును గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. 2022 జనవరిలో ఒప్పంద పత్రం రాసుకున్నాము. ఆ ఏడాది డిసెంబరుకు ఇస్తామన్న ఫ్లాటు 2023 అక్టోబరులో చేతికి వచ్చింది, 2024 మాఘమాసంలో పాలు పొంగించాము. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు ఇందులో గడిపాము కనుక గోడల గుణమూ, అప్పు గుణమూ రెండూ అనుభవంలోకి వచ్చాయి. మిక్సీ కొనడానికి పది సమీక్షలు చదివే మనం, జీవితంలో అన్నిటికంటే ఖరీదైన వస్తువును మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం నమూనా ఫ్లాటు చూసి, అక్కడ ఇచ్చిన కాఫీ తాగి, బావమరిది మాట మీద కొనేస్తాము. నేనూ అలాగే కొన్నాను. నిర్మాణ సంస్థ పేరు, బ్యాంకు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు చాలావరకు ఆ ఒక్క సంస్థవి కావు. తెల్లాపూర్ నుంచి కొల్లూరు దాకా ఇదే సరుకు, ఇంచుమించు ఇవే షరతుల మీద, వేరువేరు పేర్లతో అమ్ముడవుతోంది.

సమీక్ష అన్నాక పోల్చి చూడడానికి ఇంకో వస్తువు ఉండాలి. నాకు అది మా నాన్నగారి ఇల్లు. బాలానగర్‌లోని ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసిన ఆయనకు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, అదే మనం కేపీహెచ్‌బీ అనే కాలనీలో, 1984లో లాటరీలో ఒక ఎంఐజీ ఇల్లు, అంటే మధ్యాదాయ వర్గానికని కట్టిన ఇల్లు, వచ్చింది. మరుసటి ఏడాది అందులో దిగాము. ఇప్పటికీ అమ్మానాన్నలు అక్కడే ఉంటున్నారు. తెనాలి దగ్గరి పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడైన మా తాతగారు పైసా అప్పు లేకుండా మట్టిగోడల పెంకుటిల్లు కట్టుకున్నారు గాని, స్థలం తాతల నాటిది, కలప సొంత చేలోది, కూలీలు ఊళ్ళోవాళ్ళు; కాబట్టి దాన్ని ఈ పోటీలో నిలబెట్టడం న్యాయం కాదు.

ముందుగా ధర. బ్రోషరులో ధర చదరపు అడుగుకు 6,200 రూపాయలు. దాని ప్రకారం ఫ్లాటు విలువ 1 కోటీ 4 లక్షల 47 వేలు. ఇంట్లో అందరికీ చెప్పుకున్న అంకె ఇదే, అప్పు ఎంత కావాలో లెక్క వేసుకున్నదీ దీని మీదే. ఒప్పందం నాడు ముందుకు వచ్చిన కాగితంలో ఐదో అంతస్తు దాటిన ప్రతి అంతస్తుకూ అడుగుకు 20 రూపాయల చొప్పున ఫ్లోర్ రైజ్ అని 3 లక్షల 3 వేలు, తూర్పు ముఖం కనుక అడుగుకు 100 చొప్పున 1 లక్షా 68 వేలు, క్లబ్ హౌసుకూ, కారు పార్కింగుకూ, ఎమినిటీస్ అనే పద్దుకూ కలిపి 6 లక్షలు కనిపించాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కాబట్టి ఈ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 5 లక్షల 76 వేలు అయింది. రిజిస్ట్రేషను ఖర్చు తెలంగాణలో 2021 జులైలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది గనుక అది మరో 8 లక్షల 64 వేలు. మున్ముందు పెద్ద మరమ్మతుల కోసం దాచే కార్పస్ ఫండు, రెండేళ్ల మెయింటెనెన్సు ముందుగానే కట్టాలి, రెండూ కలిపి దాదాపు 2 లక్షల 48 వేలు. ఇక ఇల్లు అప్పగించినప్పుడు అందులో ఒక్క బీరువా గాని, వంటగదిలో ఒక్క అర గాని, ఒక్క ఫ్యాను గాని ఉండవు. ఆ పనులన్నిటికీ ఇంటీరియర్స్ అని పేరు, మాకు అయింది 12 లక్షలు. అన్నీ కూడితే 1 కోటీ 44 లక్షలు. బ్రోషరులోని ధరకూ, పాలు పొంగించిన నాటి ధరకూ మధ్య దాదాపు 40 లక్షల తేడా ఉంది. ఇందులో మోసం ఎక్కడా లేదు, ప్రతి అంకెకూ రసీదు ఉంది. అయినా ఈ పద్దులన్నీ మొదటి రోజే ఒక్క కాగితం మీద చూపించి ఉంటే మేము రెండు పడక గదుల ఫ్లాటుతో సరిపెట్టుకునేవాళ్ళమని ఈనాటికీ అనుకుంటాను.

విస్తీర్ణం సంగతి ఇంతకంటే ఆసక్తికరమైనది. 1,685 అడుగులన్నది సూపర్ బిల్టప్, అంటే లిఫ్టు దగ్గరి నడవా, మెట్లు, క్లబ్ హౌసు, కింద కాపలాదారు గది, ఇవన్నీ నా వాటాకు పంచగా వచ్చిన అంకె. ఇళ్ల నిర్మాణాన్నీ అమ్మకాలనూ నియంత్రించే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను స్పష్టంగా నిర్వచించింది: బయటి గోడలు, బాల్కనీలు, పైపులు పోయే షాఫ్టులు పోగా, లోపలి గోడలను కలుపుకొని, మనం వాడుకోగలిగే నేల. మా ఒప్పంద పత్రంలో ఆ అంకె ఉంది, 1,148 అడుగులు. ఉన్నది ఎనిమిదో పేజీలో. ధర మాత్రం మొదటి పేజీలో, సూపర్ బిల్టప్ మీద ఉంది. ఆ ధరను కార్పెట్ ఏరియాతో భాగిస్తే అడుగుకు 9,100 రూపాయలు పడుతుంది. కొనబోయేవారు ఏ రెండు ప్రాజెక్టులనైనా పోల్చేటప్పుడు ఈ ఒక్క భాగహారం చేసి చూడాలి. అడుగుకు 300 తక్కువని మురిసిపోయిన ప్రాజెక్టు చాలాసార్లు ఈ లెక్కలో ఎక్కువకు తేలుతుంది.

స్థలంలో వాటా కూడా చూసుకోవాలి. దీన్ని అందరూ యూడీఎస్ అంటారు. హైదరాబాదులో 2006 నుంచి భవనానికి నిర్మాణ విస్తీర్ణం మీద గరిష్ఠ పరిమితి లేదు, రోడ్డు వెడల్పూ చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా లేపవచ్చు. ఎత్తు పెరిగిన కొద్దీ ఒక్కొక్క ఫ్లాటుకు వచ్చే నేల తగ్గిపోతుంది. నాకు దస్తావేజులో వచ్చినది 38 గజాలు. నాన్నగారిది 150 గజాలు. ముప్ఫై ఏళ్ల తరువాత కట్టడం పాతబడి, విలువంతా నేలదే అయినప్పుడు ఈ తేడా ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు, కాని కొనే రోజున దాన్ని ఎవరూ తలుచుకోరు, నేనూ తలుచుకోలేదు.

ఇక అప్పు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఫ్లాటుతో పాటు కొన్న రెండో వస్తువు అదే. 85 లక్షలు, ఇరవై ఏళ్ల గడువు, 2022 మొదట్లో వడ్డీ 6.75 శాతం, నెలకు ఈఎంఐ 64,631 రూపాయలు. నిర్మాణం దాదాపు పూర్తయి ఉండడంతో మొత్తం ఒక్కసారే విడుదలై, ఏప్రిల్ నుంచి వాయిదాలు మొదలయ్యాయి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ గృహరుణాలను రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీ) వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలన్న నియమం ఉంది. రెపో 4 శాతం ఉన్నప్పుడు అది మాకు వరంలా కనిపించింది. 2022 మే నెలలో రిజర్వు బ్యాంకు రేటు పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరి నాటికి 6.5కు చేర్చింది, మా వడ్డీ 9.25 అయింది. పెంచిన ప్రతిసారీ బ్యాంకు ఈఎంఐని కదపకుండా గడువును పొడిగిస్తూ వచ్చింది, అందుకని మాకు నొప్పి తెలియలేదు. 2023 ఏప్రిల్ నెల ఖాతా పట్టీని మా ఆవిడ తెరిచి చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఫోను నాకు అందించింది. ఆ నెల వడ్డీ 64,750 రూపాయల పైచిలుకు. మేము కట్టిన వాయిదా 64,631. ఏడాది పాటు నెలకు తులానికి పైగా బంగారం ఖరీదు కడుతూ వచ్చి, చివరికి అసలు తరగడం మాట దేవుడెరుగు, వడ్డీకి కూడా సరిపోని స్థితికి వచ్చాము.

తరువాతి నెల నుంచి ఈఎంఐ 78,350కి పెరిగింది. ఫ్లాటు ఇంకా చేతికి రాలేదు కనుక నిజాంపేటలో అద్దె కూడా కడుతూనే ఉన్నాము. ఈ రకమైన అనుభవాలు దేశమంతటా ఎదురయ్యే సరికి 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది: రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో ఖాతాదారుకు ఎంచుకునే వీలు ఇవ్వాలి, స్థిర వడ్డీకి మారే అవకాశం చూపాలి, కట్టే వాయిదా కనీసం ఆ నెల వడ్డీకైనా సరిపోయేలా చూడాలి. మా సంగతి అప్పటికే జరిగిపోయింది. 2025లో రెపో 6.5 నుంచి 5.25 దాకా దిగింది, మేము వాయిదాను తగ్గించుకోకుండా గడువును తగ్గించుకున్నాము. అప్పు తీసుకోబోయేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే: ఈరోజు చెప్పిన వడ్డీకి రెండున్నర శాతం కలిపి వాయిదా ఎంతవుతుందో లెక్క వేసుకుని, అది కట్టగలమనుకుంటేనే సంతకం పెట్టాలి.

ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది కదా అని అమ్మకాల ప్రతినిధి పదేపదే అన్నాడు. సొంతంగా ఉంటున్న ఇంటి రుణం మీద వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలో 2 లక్షల వరకే, ఆ పరిమితి 2014లో పెట్టినది. 2023లో మా పూర్తి ఏడాది వడ్డీ ఏడున్నర లక్షలు దాటింది. కొత్త విధానం ఎంచుకుంటే సొంత కాపురపు ఇంటికి ఆ మాత్రమూ లేదు. అందుబాటు ధర ఇళ్లకు జీఎస్టీ 1 శాతమేనన్న మాట కూడా ఆయనే చెప్పాడు. అదీ నిజమే, కాని 2019లో పెట్టిన ఆ రాయితీ హైదరాబాదు వంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు, 45 లక్షల ధరకు లోబడిన ఇళ్లకు మాత్రమే వర్తిస్తుంది. మేము బ్రోషర్లు చూసిన పదకొండు ప్రాజెక్టులలో అటువంటి ఫ్లాటు ఒక్కటీ లేదు.

ఇప్పుడు నాన్నగారి ఇంటి లెక్క. ఇంటి ధర 78 వేలు. అందులో 20 వేలు ముందుగా కట్టారు, కొంత పీఎఫ్ నుంచి, మిగిలింది అమ్మ గాజుల నుంచి. మిగతా మొత్తాన్ని హౌసింగ్ బోర్డు హైర్ పర్చేజ్ పద్ధతిలో పదిహేనేళ్ల వాయిదాలుగా పెట్టింది, నెలకు 659 రూపాయలు. అప్పటి ఆయన జీతం 1,650. అంటే జీతంలో 40 శాతం వాయిదాకే పోయేది. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1 లక్షా 77 వేలు చేతికి వస్తాయి, మా ఆవిడ సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ పనిలో, నేను ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో. 78,350 అందులో 44 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూపిస్తే నాన్నగారు నవ్వారు. "మరింకేమిట్రా, నువ్వూ నాలాగే అవస్థ పడుతున్నావు, అంతేగా" అన్నారు.

అంతే కాదు. ఆయనది ఒక్క జీతం, మాది రెండు. అమ్మ ఉద్యోగం చేయలేదు. ఇంటి ధర ఆయన ఒక్కరి జీతంతో నాలుగేళ్లకు కాస్త తక్కువ, మా ఇల్లు మా ఇద్దరి జీతాలతో దాదాపు ఏడేళ్లు. మా ఆవిడ జీతం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే పదకొండేళ్లు దాటుతుంది, నాది ఒక్కటే అయితే పదహారేళ్లు దాటుతుంది. ఇంకో తేడా కాలంతో గాని బయటపడదు. ఆయన వాయిదా పదిహేనేళ్లూ 659 రూపాయలే. కరువుభత్యంతో, వేతన సవరణలతో జీతం పెరుగుతూ పోయింది, 2000లో చివరి వాయిదా కట్టేనాటికి 8 వేలు దాటింది. ఆఖరి ఏళ్లలో ఇంటి వాయిదా మా ఇంటి నెల పాల బిల్లుకు కాస్త అటూ ఇటూగా ఉండేది. ధరలు పెరగడం ఆయన అప్పును అరగదీసింది. నాకు మాత్రం ధరలు పెరిగితే రిజర్వు బ్యాంకు రేటు పెంచుతుంది, రేటు పెరిగితే వాయిదా పెరుగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ 78 వేలకు వచ్చినదేమిటో చెప్పాలి. రెండు గదులు, ఒక వంటగది, ముందు వరండా, వెనుక దూరంగా స్నానాల గదీ మరుగుదొడ్డీ. నేల మీద షాబాదు బండలు, గోడలకు సున్నం. వంటగదిలో గట్టు కూడా లేదు, అమ్మ మూడేళ్లు కింద కూర్చునే కిరసనాయిలు స్టౌ మీద వండింది. వాన పడిన రాత్రి గొడుగు వేసుకుని వెనక్కి వెళ్ళాల్సి వచ్చేది. ఈరోజు ఆ ఇంటిని ఎవరైనా అమ్మజూపితే మా ఆవిడ గుమ్మం దాటదు, నిజం చెప్పాలంటే నేనూ దాటను. కాని అసంపూర్తిగా ఉండడమే ఆ ఇంటి గొప్ప సుగుణం అని ఈ రెండేళ్లలో నాకు తెలిసివచ్చింది. 1988లో బోనసు వస్తే వంటింటి గట్టు, మొజాయిక్ నేల వచ్చాయి. 1991లో స్నానాల గది ఇంటిలోపలికి వచ్చింది. 1996లో చిట్టీ పాడుకుని మేడ మీద ఒక గది వేశారు. హైటెక్ సిటీ 1998లో తెరుచుకున్నాక కూకట్‌పల్లిలో అద్దె ఇళ్లకు గిరాకీ పెరిగింది. 2003లో మేడ మీద పూర్తి పోర్షను కట్టి 2,500కు అద్దెకు ఇచ్చారు. 2017 నవంబరులో మెట్రో నడవడం మొదలయ్యాక ఆ అద్దె మరీ పెరిగింది, ఇప్పుడు 16 వేలు వస్తోంది. ఈపీఎస్ కింద ఆయనకు వచ్చే పింఛను రెండు వేల చిల్లర. కనుక నిజమైన పింఛను మేడ మీద ఉంది. చేతిలో ఎంత ఉంటే అంత కట్టుకుంటూ, ఏ ఏడాది కుదరకపోతే ఆ ఏడాది ఆగుతూ వచ్చారు. ఆగితే ఎవరూ అడగలేదు.

నా ఫ్లాటులో ఆగడానికి వీల్లేదు. దాన్ని కొంచెంగా కొని, ఉద్యోగం స్థిరపడ్డాక పెంచుకునే దారి లేదు. స్క్వాష్ కోర్టు నాకు అక్కర్లేదు, పదేళ్ల తరువాత చూద్దాం అనడానికి లేదు. ఈతకొలను, మినీ థియేటరు, అతిథి గదులు, యోగా మందిరం, రాతి ఫౌంటెను అన్నీ మొదటి రోజే, వడ్డీతో సహా కొన్నాను. స్క్వాష్ కోర్టు తలుపు ఎటు తెరుచుకుంటుందో ఈనాటికీ నాకు తెలియదు. మధ్యతరగతి ఇల్లు అంటే ఇన్ని ఉండాలన్న అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చిందోగాని, అవి లేని ఇల్లు ఈ దారిలో అమ్మకానికి లేదు. హౌసింగ్ బోర్డు ఒకప్పుడు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని, అంటే తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలవారికని, జీతాన్ని బట్టి ఇళ్లను వర్గాలు చేసింది. ఇప్పుడు బ్రోషర్లలో ఎల్ఐజీ అన్న మాట వినపడదు, ఎంఐజీ జీతాలున్నవారికి కూడా హెచ్ఐజీ ఇల్లే అమ్ముతున్నారు.

ఇన్ని చెప్పాక, వాడకంలో ఈ ఫ్లాటు మంచిదని కూడా అంతే స్పష్టంగా రాయాలి. నీళ్లు రోజంతా వస్తాయి. కేపీహెచ్‌బీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలంలో అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి సంపు నింపుకునేది. ఆ నిద్ర ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇక్కడ కరెంటు పోతే పది సెకన్లలో జనరేటరు అందుకుంటుంది. మూడు పడక గదులలో రెండింటికి విడి స్నానాల గదులున్నాయి, మోకాళ్ల నొప్పితో నాన్నగారు వచ్చినప్పుడు అది ఎంత సుఖమో ఆయనే చెబుతారు. పాప సాయంత్రం ఐదింటికి సైకిలు తీసుకుని కిందికి వెళ్తే ఏడింటి దాకా మాకు బెంగ ఉండదు, కార్లన్నీ సెల్లారులోకే పోతాయి. గాలీ వెలుతురూ తూర్పు నుంచి బాగా వస్తాయి, 14వ అంతస్తున దోమల బాధ దాదాపు లేదు. వీటికి విలువ కట్టకుండా పాత ఇంటిని పొగడడం అన్యాయం.

గోడలతో మాత్రం పేచీ ఉంది. మా భవనం మైవాన్ పద్ధతిలో కట్టినది, అంటే అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ స్లాబూ ఒకేసారి కాంక్రీటుతో పోసినది. పని వేగంగా అవుతుంది, గోడలు నున్నగా వస్తాయి, ఇటుక గోడల కంటే సన్నగా ఉంటాయి. గృహప్రవేశం మరునాడు తాతగారి ఫోటో తగిలించడానికి నాన్నగారు సుత్తీ మేకూ తీసుకుని హాల్లో నిలబడ్డారు. మొదటి మేకు వంగింది. రెండోదీ వంగింది. మూడోది ఎగిరి సోఫా కింద పడింది. గోడ మీద గీత కూడా పడలేదు. "ఇది ఇల్లా, బ్యాంకు లాకరా?" అన్నారు ఆయన. హ్యామర్ డ్రిల్లు ఉన్న మనిషిని పిలిపించాలి, రంధ్రానికి ఇంత అని తీసుకుంటాడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు డ్రిల్లు వాడకూడదని అసోసియేషను నియమం. అవి పూర్తి కాంక్రీటు గోడలు కనుక ఒక్క గోడనూ తీయడానికి, జరపడానికి వీల్లేదు. రేపు పాపకు పెళ్ళయి వెళ్ళాక రెండు గదులను కలిపి హాలు పెద్దది చేసుకుందామన్నా కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ పగలు తాగిన వేడిని రాత్రి పదకొండు దాకా వదులుతుంది. ఆ వైపు గది ఉన్న ఫ్లాటు కొనేవారు ఏసీ ఖర్చును మెయింటెనెన్సులో భాగంగా లెక్క వేసుకోవడం మంచిది.

ఎండ ఇంత ఉన్నా ఆరబెట్టుకోవడానికి చోటు లేదు. మా అమ్మ మొదటి వేసవిలో వడియాలు పెడదామని ఉత్సాహంగా వచ్చింది. పైకప్పు మీదికి తాళం, ఆ తలుపు అవసరానికే తెరుస్తారట. బాల్కనీ కమ్మీకి బట్టలు ఆరేయకూడదు, భవనం అందం పోతుందట. చివరికి గిన్నెలు తోముకునే యుటిలిటీలో స్టూలు వేసి, దాని మీద పళ్లెం పెట్టి, ఎండ ఎటు జరిగితే అటు పళ్లేన్ని జరుపుతూ రెండు రోజులు గడిపి, మిగిలిన పిండిని కేపీహెచ్‌బీకి తిరిగి తీసుకువెళ్ళింది. ఆవకాయ ఇప్పటికీ అక్కడే కలుపుతారు, మాకు సీసాలో వస్తుంది.

మెయింటెనెన్సు మొదట అడుగుకు 3 రూపాయలు, ముందుగా కట్టిన రెండేళ్లు అయ్యాక 3.50 చేశారు. అంటే నెలకు 5,900, ఇది కూడా కార్పెట్ మీద కాదు, 1,685 మీదే. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు వేరుగా పంచుతారు. పనితీరు మెచ్చుకోదగినది, లిఫ్టు ఆగితే ఇరవై నిమిషాల్లో మనిషి వస్తాడు, చెత్త రోజూ తీస్తారు. కాని పదేళ్ల తరువాత రంగులు, లిఫ్టుల మార్పిడి, మురుగునీటి శుద్ధి యంత్రం మరమ్మతు వస్తాయి, అప్పటికి కార్పస్ ఫండు చాలుతుందా అని సర్వసభ్య సమావేశంలో అడిగితే సమాధానానికి బదులు టీ వచ్చింది.

అద్దెకు ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఈ సమీక్షలో తప్పదు. మా టవరులో ఇదే నమూనా ఫ్లాటుకు 38 వేలు అద్దె నడుస్తోంది. ఏడాదికి 4 లక్షల 56 వేలు, మేము పెట్టిన 1 కోటీ 44 లక్షల మీద 3 శాతం చిల్లర. 78 వేల వాయిదాతో పోలిస్తే అద్దెదారు నెలకు 40 వేలు మిగుల్చుకుంటున్నాడు, పైగా అదే నీళ్లు, అదే జనరేటరు, అదే తెరవని స్క్వాష్ కోర్టు. మా ఎదురింటి కుర్రవాడు అలాగే ఉంటున్నాడు, తేడా మొత్తాన్ని మ్యూచువల్ ఫండ్లలో వేస్తున్నానని చెబుతాడు, వేస్తున్నాడనే నమ్ముతాను. ధర పెరిగింది కదా అంటారు. పెరిగిన మాట నిజమే, ఇప్పుడు చదరపు అడుగుకు 8,500 చెబుతున్నారు. కాని అమ్మితే ఉండడానికి ఇంకో ఇల్లు కావాలి, దాని ధరా అంతే పెరిగి ఉంది. ఆ పెరుగుదల మాకు కాగితం మీది సంతోషం, నిజాంపేటలో అద్దెకున్న మా తమ్ముడికి మాత్రం నిజమైన కష్టం.

నెలాఖరు సంగతి కూడా రాసి ముగిస్తాను. వాయిదా, మెయింటెనెన్సు, పాప బడి ఫీజు, కారు పెట్రోలు, అమ్మానాన్నల మందులు పోగా 25వ తేదీ నాటికి మా ఖాతాలో మిగిలేది, 1986లో నాన్నగారి జేబులో అదే తేదీకి మిగిలినదానితో పోలిస్తే గొప్ప తేడా ఏమీ కాదు. మాకు రెండు ఏసీలు, ఒక కారు ఉన్నాయి, ఆయనకు సైకిలు, ఒక టేబుల్ ఫ్యాను ఉండేవి. ఆయన దసరాకు మమ్మల్ని తెనాలి తీసుకువెళ్ళేవారు. మేము ఫ్లాటు కొనకముందు ఏటా ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవాళ్ళము, కొన్నాక వెళ్ళలేదు.

ఎవరు కొనవచ్చు? ఇద్దరి ఉద్యోగాలలో ఒకటి పోయినా ఏడాది వాయిదాలు కట్టగల నిల్వ ఉన్నవారు, ధరలో సగమైనా చేతిలో ఉన్నవారు, పెద్దవాళ్ల అవసరాల కోసం లిఫ్టూ నీళ్లూ తప్పనిసరి అయినవారు నిశ్చింతగా కొనవచ్చు. మొదటి ఉద్యోగంలో, పూర్తి అప్పు మీద, అద్దె దండగ అన్న మాట విని కొనబోయేవారు ఆగడం మంచిది. ప్రీ లాంచ్ అని తక్కువ ధరకు ఆశపెట్టే చోట రెరా నమోదు సంఖ్య అడగాలి, అది లేకుండా ప్రకటించడం, అమ్మడం చట్టవిరుద్ధం. ఒప్పందం రిజిస్టరు చేయకముందే పది శాతం కంటే ఎక్కువ కట్టమంటే కట్టకూడదు, అదీ చట్టమే. తీసుకునే ముందు, భవనంలో కాపురం ఉండవచ్చని అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కళ్లారా చూడాలి. మాకు అది ఇవ్వకుండానే తాళాలు తీసుకోమన్నారు, మేము ఒప్పుకోలేదు, ఆలస్యంలో మూడు నెలలు దానివల్లనే.

కట్టడానికి ఐదుకు నాలుగు, రోజువారీ సేవలకు నాలుగు, ధరకు రెండు, అప్పుకు ఒకటి ఇస్తాను. గత ఆగస్టు వానలకు యుటిలిటీ గోడ మీద అరచేయంత చెమ్మ మరక వచ్చింది, అక్టోబరుకు అది రెండు అరచేతులంత అయింది. నిర్మాణ లోపాలను అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల వరకు సొంత ఖర్చుతో సరిచేయడం బిల్డరు బాధ్యత, మాకు ఆ గడువు 2028 అక్టోబరు దాకా ఉంది. పక్కన స్కేలు పెట్టి, తేదీ కనపడేలా నాలుగు ఫోటోలు తీసి మెయిలు పంపాను. ఒక మనిషి వచ్చి చూసి, వేలితో గీకి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. అతను వచ్చినప్పుడు ఈ సమీక్షకు కింద రెండు వాక్యాలు కలుపుతాను.